అమహత్తు

రేపటికల్లా గది ఖాళీ చెయ్యాలి.
మూడో అంతస్తు, మెరీనా వైపు కిటికీ.
ఉప్పుగాలికి బీరువా తాళం తుప్పుపట్టి
ముప్పై ఏళ్లుగా తెరిచే ఉంటోంది.
దొంగిలించడానికి ఏముంది కనక!
నూట పద్నాలుగు క్యాసెట్లు,
వాటిమీద నా చేతిరాతలో వార్డు నంబర్లు.

పెరంబూరు తెలుగు బడిలో వ్యాకరణం మాస్టారు చెప్పారు:
మహత్తులంటే మగవాళ్లు, మగదేవుళ్లు.
తక్కినవన్నీ అమహత్తులు.
రాముడు వచ్చాడు. పిల్లి వచ్చింది. వాన వచ్చింది.
అక్క వచ్చింది.
వెనక బెంచీలోంచి చెయ్యెత్తాను.
"పదిమంది అక్కలొస్తేనండీ?"
"వచ్చారు" అన్నారాయన, సుద్దముక్క కింద పెట్టి.

ఒక్కతైతే పిల్లితో జమ,
పదిమందైతే మనుషుల్లో జమ.
డాక్టరేటుకి మూడువందల పేజీలు రాశాను, ఇంగ్లీషులో.
చెప్పిందింతే.

వీధిలో తమిళం మాట్లాడినంతసేపూ
నాకంటూ ఓ సొంత తోక ఉండేది, వందాళ్ అని.
చెప్పులు విడిచి ఇంట్లోకి రాగానే
అదీ గుమ్మంలోనే ఊడిపోయేది.

పులియంతోపు. వార్డు ఆడవాళ్లకిచ్చిన మొదటిసారి.
కౌన్సిలరు చెంగమ్మ.
మాట్లాడింది మునిరత్నం, ఆవిడ మొగుడు.
క్యాసెట్టు ఒకవైపంతా ఆయనే.
చివర్లో ఎక్కడో దూరంగా, గ్లాసుల చప్పుడు వెనక,
"అమ్మకి చక్కెర తక్కువేనా?"
ప్రాతినిధ్యం మీద నేను రాసిన అధ్యాయంలో
ఆ వాక్యం లేదు.

నాలుగో ఏడు మళ్లీ వెళ్లాను.
తుఫాను. మోకాళ్లలోతు నీళ్లు.
చీర ఎగ్గట్టి, పంపు లారీ డ్రైవర్ని
వాడి ఏడుతరాలూ గుర్తొచ్చేలా తిడుతోంది చెంగమ్మ.
నన్ను చూసి, "ఇప్పుడు పెట్టు నీ మిషను" అంది.
పెట్టాను.
తడిసి ఆగిపోయింది.

ఓటేరి మరకతానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు,
తనే పెట్టుకుంది.
నా ఫారంలో రెండు గళ్లు.
నా పెన్నే అడిగి తీసుకుని
పక్కన మూడో గడి గీసింది, స్కేలు పెట్టినంత తిన్నగా.
టిక్కు పెట్టలేదు, చిన్న పువ్వు వేసింది.
కంప్యూటర్లో ఎక్కించిన కుర్రాడు 99 కొట్టాడు.
99 అంటే సమాధానం లేదు.
పట్టిక కింద సంతకం నాది.

ఆ రోజే నా సిద్ధాంతం చెప్పాను ఆవిడకి, కాస్త గర్వంగానే:
చూడు, మన భాష ఆడదాన్ని పిల్లితో కట్టేసింది.
మరకతం వక్క నములుతూ విన్నది.
"పద్దెనిమిదేళ్లు వచ్చాడు, తిన్నాడు, ఎక్కడ చచ్చాడు.
ఓ పొద్దున కొళాయి దగ్గర ఎవతో
బిందె అడ్డమని తిట్టింది,
వచ్చిందమ్మా మహారాణి, అని.
ఆ 'వచ్చింది' కోసం, అక్కా,
వీధంతా మైసూరుపాకు పంచాను."

నేనేమీ రాసుకోలేదు.
పెన్ను ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

నాకూ ఒక కుర్చీ వచ్చింది తర్వాత.
సెలక్షన్ కమిటీ, పదకొండుమంది.
తలుపు తీస్తూ అటెండరు ఆదిశేషయ్య,
"మేడమ్ వచ్చారు" అనేవాడు.
మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను,
ఇంకెవరొచ్చారా అని.
మర్యాదకిచ్చిన బహువచనం అది.
లెక్కకి నేనొక్కదాన్నే.
టీలు చెప్పమని నావైపే చూసేవాళ్లు.
చెప్పేదాన్ని కూడా.

మధ్యాహ్నం తేన్‌మొళి వచ్చింది, అట్టపెట్టెలతో.
నా ఆఖరి విద్యార్థిని.
"వీటిని వినడానికి మిషనేది మేడమ్?" అంది.
చెంగమ్మ గొంతు వీటిలో లేదని మాత్రం చెప్పాను.
ఆ పిల్లకి అర్థం కాలేదు, తలూపింది.

దుమ్ముకట్టల అడుగున ఆ ఫారం దొరికింది.
ఇంకు గోధుమరంగుకి తిరిగింది.
పువ్వుకి అయిదు రేకులు, ఒకటి కాస్త పెద్దది.
తేన్‌మొళి లిఫ్టు దాకా వెళ్లినప్పుడు
మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.
యూనివర్సిటీ ఆస్తి.
తాళం పడని ఆ బీరువాలోంచి
ఇన్నేళ్లకి ఇదే మొదటి దొంగతనం.